లేకపోతే మాస్టారు

జూన్ 2

ఆయన్ని ఇంటికి తెచ్చాం. ముందు గదిలో బల్ల తీసేసి కిటికీ పక్కన మంచం వేయించాను. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా బరువే. తెలివి ఉంది, అందరినీ గుర్తుపడుతున్నాడు, మాటే పోయింది. ఒక్కటి మాత్రం మిగిలింది: "అవును." పక్షవాతం ఆయన నోట్లోని మాటలన్నీ ఊడ్చుకుపోయి ఆ ఒక్కదాన్నీ ఎందుకు వదిలిపెట్టిందో పెద్ద డాక్టరుకు కూడా తెలియదట. నీళ్లు కావాలా అంటే అవును. వద్దా అంటే అవును. ఫ్యాను వెయ్యనా, ఆపనా, రెండిటికీ అవును.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరేం చెప్పినా ఒక పట్టాన ఒప్పుకోని మనిషి. దేవుడికి వెటకారం ఎక్కువ.

వదిన సాయానికి వచ్చింది. తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు పిసుకుతూనే ఉంది. నేను ఆయన్ని "నువ్వు" అన్నప్పుడల్లా ఇప్పటికీ మొహం చిట్లిస్తుంది. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఇంక ఆ మొహమే అంత అనుకోవాలి.

జూన్ 3

నిద్ర లేదు.

జూన్ 5

పెద్ద డాక్టరు పిలిపించాడు. కొత్త స్కానింగులో ఇంకో రక్తనాళం బుడగలా ఉబ్బి కనిపించిందట. వదిలేస్తే ఎప్పుడైనా పగలొచ్చు. పగిలిన రోజు ఆస్పత్రి దాకా కూడా తీసుకురాలేం అన్నాడు. ఆపరేషన్ చేస్తే బాగుపడే అవకాశమే ఎక్కువ. కానీ అది ఉన్న చోటు మంచిది కాదు. లేచాక మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు, అసలు లేవకపోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చేయించేద్దాం అన్నాను నేను, డాక్టరు ఇంకా మాట్లాడుతుండగానే. వద్దే వద్దంది వదిన. డాక్టరు గది అని కూడా చూసుకోకుండా ఇద్దరం వాదులాడుకున్నాం. డాక్టరు కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విని, చివరికి నెమ్మదిగా చెప్పాడు.

"మీ ఇద్దరి మాటా నాకు అక్కర్లేదమ్మా. ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి. ఆయనేమంటారో నాకు నమ్మకంగా తెలిస్తేనే కత్తి పట్టుకుంటాను."

జూన్ 6

అడిగాను. ఆపరేషన్ చేయించుకుంటావా? "అవును" అన్నాడు.

వదినతో చెప్పాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్లి, ఆపరేషన్ వద్దు కదరా అని అడిగింది. "అవును" అన్నాడు. విన్నావా అన్నట్టు నా వైపు చూసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆవిడ.

నాకు చెప్పిన అవును వేరు. నాకు చెప్పేటప్పుడు కళ్లు కూడా కదిలాయి.

జూన్ 7

మళ్లీ అడిగాను. అవును అన్నాడు. చాలా స్పష్టంగా.

జూన్ 8

ఇవాళ కూడా అవునన్నాడు. డాక్టరుకు ఫోన్ చేద్దామనుకుని నంబరు నొక్కి పెట్టేశాను.

జూన్ 9

నా ఉద్యోగమే టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాంని విరగ్గొట్టి చూడటానికి జీతం తీసుకునేదాన్ని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పిల్లకు కూడా తెలుసు, అవును రావాల్సిన ప్రశ్న ఒకటి అడిగితే కాదు రావాల్సిన ప్రశ్న ఇంకొకటి అడగాలని. రెండోది అడక్కుండా మొదటిదాన్ని నమ్మితే మా మేనేజరు చీవాట్లు పెట్టేవాడు.

ఆ రెండో ప్రశ్న నేను అడగడం లేదు. ఆయన అలిసిపోతాడని.

జూన్ 10

అడిగేశాను. వదిన స్నానానికి వెళ్లినప్పుడు మంచం పక్కన కూర్చుని, నువ్వు ఆడదానివా అని అడిగాను.

"అవును."

నేను నీ అక్కనా?

"అవును."

వంటింట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. వదిన బయటికొచ్చి ఏమైందంటే, సబ్బు కళ్లలో పడిందన్నాను. గిన్నెల సబ్బు కళ్లలో ఎలా పడుతుందని మాత్రం అడగలేదు, ఆ మేలు చేసింది.

జూన్ 12

మాట నేర్పే అమ్మాయి మొదటిసారి వచ్చింది. చిన్నపిల్లల బొమ్మల అట్టలు తెచ్చింది. పిల్లి, కుర్చీ, గొడుగు. ఆయన ఎడమ చేత్తో వాటిని పక్కకు నెట్టేశాడు. కోపమైతే మిగిలే ఉంది, సంతోషం.

ఈయన ఏం పని చేసేవారని అడిగింది. లిఫ్టుల్ని నడిపే ప్రోగ్రాంలు రాసేవాడని చెప్పాను. ఆ అమ్మాయికి ఆసక్తి పుట్టింది, నాకు నోరు ఊరుకోదు, అంతా చెప్పుకొచ్చాను. తలుపు తెరిచి ఉంటే కదలకు, మూసి ఉంటే కదులు, అని కేసులు కేసులుగా రాస్తారు. కొత్తగా చేరినవాళ్లు ఆ రెండు వరుసలూ రాసి చేతులు దులుపుకునేవాళ్లు. ఈయన వెనకాల నిలబడి, "లేకపోతే?" అనేవాడు. తెరిచీ లేకపోతే, మూసీ లేకపోతే? మధ్యలో ఎవరి చెప్పో ఇరుక్కుని సగంలో ఆగితే? అందుకే చివర డిఫాల్ట్ అని ఒక వరుస ఉంటుంది, పైవేవీ కాకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి. ఆ వరుస లేకుండా, లేదా పేరుకి రాసి లోపల ఖాళీగా వదిలేసి ఎవరైనా ఇస్తే, వాళ్లని అందరి ముందూ నిలబెట్టి చదివించేవాడు. లోపలికి వెళ్లే ముందు బయటికెలా వస్తావో రాయి అనేవాడు. ఆఫీసంతా ఆయన్ని "లేకపోతే మాస్టారు" అని పిలిచేది. ఎదురుగా కాదులెండి. ఎదురుగా పిలిచినదాన్ని నేనొక్కదాన్నే, ఆ తర్వాతి ఏడాది పెళ్లయింది.

ఆ అమ్మాయి నవ్వలేదు. పని భాష ఒక్కోసారి మామూలు మాటలతో పాటు పోదండీ, అందులో రాసి చూపించండి అంది. పలక ఒకటి ఇచ్చి వెళ్లింది.

జూన్ 13

ఇది వెంటనే రాసి పెట్టుకోవాలి.

పొద్దున పలక మీద ఆ తలుపు కేసే రాశాను. ఒక్కో వరుస చివర బ్రేక్ అని రాయాలి. రాయకపోతే మెషిన్ అక్కడ ఆగదు, కింది వరుసలో చెప్పింది కూడా చేసేస్తుంది. మొదటి వరుస చివర నేను అది మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను, పరీక్ష కోసం కాదు.

ఆయన చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చూపుడువేలు తీసుకెళ్లి సరిగ్గా ఆ వరుస చివర, బ్రేక్ ఉండాల్సిన చోట పెట్టి, టకటకా కొట్టాడు. నాకు అర్థం కాక చూస్తుంటే మళ్లీ కొట్టాడు. ఇంత తెలివితక్కువదాన్ని ఎలా చేసుకున్నానురా అన్న చూపు, అచ్చం పాత చూపు.

బ్రేక్ రాశాను. చెయ్యి తీశాడు.

వదినా వదినా అని అరిచాను. ఆవిడ పరిగెత్తుకొచ్చి పలక చూసి, ఈ గీతలకా ఇంత గోల అంది.

జూన్ 14

ఈసారి పని సరిగ్గా చేశాను. ఆడది, మగవాడు, రెండూ కేసులుగా రాసి నువ్వెవరని అడిగాను. మగవాడి మీద పెట్టాడు. వరుసలు తిరగేసి రాశాను, అయినా మగవాడి మీదే. నేను అక్కనా, పెళ్లాన్నా? పెళ్లాం. కాఫీలో ఉప్పు వెయ్యనా, పంచదార వెయ్యనా? పంచదార. వదినకే ఇచ్చి అడిగించాను. ఒక్కటీ తప్పలేదు. వదిన పలకని గుండెలకు ఆనించుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

రేపు అసలు ప్రశ్న.

జూన్ 15

రెండు వరుసలు రాశాను. ఆపరేషన్ చేయించాలి, బ్రేక్. ఆపరేషన్ వద్దు, బ్రేక్.

ఆయన వేలు పెట్టలేదు. పలక చూశాడు, నన్ను చూశాడు, కిటికీ వైపు తిరిగాడు. అలిసిపోయి ఉంటాడు.

జూన్ 16

అలిసిపోలేదు. పొద్దున్నే, మొహం కడిగి, ప్రశాంతంగా ఉన్నప్పుడు అదే పలక ఇచ్చాను. విసిరికొట్టాడు. మూల విరిగింది. నేనూ అరిచాను. ప్రాణం నీదా నాదా, ఏదో ఒకటి చెప్పి చావు అన్నాను. ఆ చివరి మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. వదిన నన్ను భుజం పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

సాయంత్రం దాకా ఎవరం ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడేవాళ్లం ఎలాగూ ఇద్దరమే.

జూన్ 17

నేను గాడిదని. ఇరవై ఏళ్లు ఆ మనిషి పక్క సీట్లో కూర్చున్న గాడిదని.

డిఫాల్ట్ రాయలేదు నేను. నాకు కావాల్సింది ఒక వరుస, వదినకు కావాల్సింది ఒక వరుస, రెండూ రాసి ఆయన ముందు పెట్టాను. ఆయనకు కావాల్సింది వేరే ఏదైనా ఉండొచ్చని నా బుర్రకు తట్టనే లేదు. ఇవాళ కింద మూడో వరుసగా డిఫాల్ట్ రాయడం మొదలుపెట్టగానే, ఇంకా సగం కూడా పూర్తికాకముందే, వేలు వచ్చి దాని మీద పడింది.

అంటే ఏంటి? ఏం కావాలి? ఇంకో డాక్టరా, ఇంకొన్నాళ్లు ఆగడమా, ఏదేదో రాశాను. దేని మీదా పెట్టలేదు. చివరికి ఆయనే వేలు తడి చేసుకుని మొదటి వరుసకు వెళ్లాడు. ఆపరేషన్ అన్న మాటను ముట్టుకోలేదు. దాని చివరనున్న బ్రేక్‌ని తుడిచేశాడు. తుడిచి, ఆ ఖాళీ మీద వేలు పెట్టి నన్నే చూస్తూ కూర్చున్నాడు.

అక్కడితో ఆగకు, తర్వాతేంటో రాయి అంటున్నాడు. లోపలికి వెళ్లాక ఏం జరిగితే ఏం చేస్తారో రాస్తేనే తను చెబుతాడట.

నాకు అర్థమైంది. రేపు రాద్దాంలే అన్నాను.

జూన్ 18

ఇవాళ ఇంట్లో చాలా పనులున్నాయి. దుప్పట్లు ఉతికాను.

జూన్ 19

తప్పలేదు. పొద్దున లేస్తూనే పలక తీసుకుని నా ఒళ్లో పెట్టాడు.

ఆపరేషన్ కింద మూడు కేసులు. లేచి గుర్తుపడితే, ఇంటికి. దానికి వేలు పెట్టి వెంటనే తీసేశాడు, అందులో చర్చేముంది అన్నట్టు. లేవకపోతే, మెషిన్ల మీద ఉంచాలా, తీసెయ్యాలా? తీసెయ్యాలి. వరుసలు మార్చి మళ్లీ రాశాను. తీసెయ్యాలి. వదిన బయటికి వెళ్లిపోయింది.

మధ్యలోది మిగిలింది. లేచి, మమ్మల్ని గుర్తుపట్టకపోతే.

ఇంట్లో, నాతో అని రాశాను. తుడిచాడు. ఇంట్లో, నాతో, ఇంకో నర్సుతో అని రాశాను. తుడిచాడు. వదిన ఇంట్లో అని రాశాను, తుడుస్తూ నవ్వాడు కూడా. ఇంకేం మిగిలింది? ఊరి బయట అలాంటివాళ్లని చూసుకునే చోటు ఒకటుంది. మేం రోజూ ఆఫీసు బస్సులో దాని ముందు నుంచే వెళ్లేవాళ్లం. ఆ చోటు పేరు రాశాను. వేలు పెట్టాడు.

వేలు జారిందేమో అనుకుని మూడుసార్లు మార్చి రాశాను. జారలేదు.

సాయంత్రం వదిన మెట్ల మీద కూర్చుని చెప్పింది. వాళ్ల అమ్మకు ఆఖరి ఏళ్లలో మతి పోయింది. కూతురినే ఎవరో దొంగ అనుకుని తలుపేసుకునేదట. వదిన అక్కడే ఉండిపోయింది. అందుకే పెళ్లి కాలేదని ఆవిడ అనలేదు కానీ, ఎవరు ఒప్పుకుంటారు అంది. వీడు అంతా చూశాడు, వాడి కళ్ల ముందే నేను ముసలిదాన్నయ్యాను అంది. ఆపరేషన్ వద్దని ఎందుకు పట్టుబట్టిందో ఇప్పుడు తెలిసింది. ఆవిడకు ఆ మధ్య వరుస మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇదే మొదటిసారి అనుకుంటా.

జూన్ 20

పలక మీద అన్నీ నిండాయి. అయినా ఆపరేషన్ మీద వేలు పెట్టడు. మధ్య వరుస మీద పెడతాడు, తర్వాత నా వైపు చూపిస్తాడు. మళ్లీ వరుస, మళ్లీ నేను. చేస్తావా అని అడుగుతున్నాడు. వరుస రాస్తే సరిపోదు, దాన్ని నడిపేది నేనే కదా.

"చేస్తాను," అన్నాను. "నువ్వు నన్ను గుర్తుపట్టకపోతే అక్కడికే పంపిస్తాను. ఒట్టు."

చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత వేలు ఎత్తి ఆపరేషన్ మీద పెట్టాడు.

మధ్యాహ్నానికి డాక్టరే వచ్చాడు. మాట నేర్పే అమ్మాయీ వచ్చింది. డాక్టరు తన చేత్తో వరుసలు కలిపి, తిప్పి, డిఫాల్ట్ పెట్టి, అన్ని రకాలుగా రాసి చూశాడు. ప్రతిసారీ అదే. సరేనన్నాడు. ఇరవై ఆరో తారీఖు పొద్దున.

నాకు కావాల్సింది జరిగింది.

జూన్ 21

నేను ఆయన్ని ఎక్కడికీ పంపను. ఒట్టు పెట్టేటప్పుడే తెలుసు.

అయితే ఏంటి? ప్రాణం నిలుస్తుంది కదా. గుర్తుపట్టని రోజున, నువ్వు మాటిచ్చావు అని అడిగే మనిషి ఉండడు. తెలియనివాడికి మోసం ఏముంటుంది? పైగా అంత దాకా రాదు. బాగుపడే అవకాశమే ఎక్కువని డాక్టరే అన్నాడు.

జూన్ 22

అంత దాకా రాదు.

జూన్ 23

ఆఫీసులో చాలామంది డిఫాల్ట్ వరుసలో "ఇక్కడికి రాదు" అని రాసి పెట్టేవాళ్లు. అలా రాసినవన్నీ వెతికి పట్టుకోవడమే నా పని. వచ్చేది. ఎప్పుడో ఒకప్పుడు కచ్చితంగా వచ్చేది.

జూన్ 24

ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. ఇంటికొచ్చాక ఇన్నాళ్లకు. అన్నం తింటున్నాడు. వదినను ఏడిపిస్తున్నాడు, ఆవిడ చెంచా నోటి దాకా తెస్తే నోరు మూసేసి నవ్వుతాడు. చచ్చిపోతానేమో అన్న భయం ఆయనకు మొదటి నుంచీ లేదు. నాకు బరువవుతానేమో అన్న భయం ఒక్కటే ఉండేది. అది పోయింది. నేనే పోగొట్టాను, ఒక్క అబద్ధంతో.

ఆ నిద్ర చూడలేకపోతున్నాను. పక్క గదిలో పడుకున్నాను.

జూన్ 25

రేపే. సాయంత్రానికి ఆస్పత్రి గదిలో చేర్చారు. వదిన కిందికి వెళ్లింది, మందుల కోసం.

చెబితే ఆపరేషన్ ఉండదు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. బయటికొచ్చే దారి సరిగ్గా లేని చోటికి అడుగు పెట్టడు. ఉన్న దారి అబద్ధమని తెలిస్తే అంతా తుడిచేస్తాడు, రేపో ఎల్లుండో ఆ బుడగ పగులుతుంది, నేను నోరు మూసుకోలేకపోయినందుకు. చెప్పకూడదు అనుకుంటూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"నీకు అబద్ధం చెప్పాను," అన్నాను. "నిన్ను ఎక్కడికీ పంపను. నువ్వు నన్ను దొంగ అన్నా, తలుపేసుకున్నా పంపను. నావల్ల కాదు. ఇప్పుడు నీ ఇష్టం."

ఆయన పలక కోసం చెయ్యి చాచాడు. మూల విరిగిన ఆ పలకనే తెచ్చుకున్నాం, అన్ని వరుసలతో. ఇచ్చి నేను గోడ వైపు తిరిగాను, తుడుస్తుంటే చూడలేక. వేలితో పలక మీద రుద్దే చప్పుడు వినిపించింది. చాలాసేపు తుడిచాడు.

తర్వాత నా మోచెయ్యి లాగాడు.

ఆపరేషన్ అలాగే ఉంది. లేచి గుర్తుపడితే, ఇంటికి. అలాగే ఉంది. లేవకపోతే, తీసెయ్యాలి. అదీ ఉంది. గుర్తుపట్టకపోతే అన్న వరుస కూడా ఉంది, దాని పక్కన మాత్రం ఏమీ లేదు. ఆ చోటు పేరు పూర్తిగా తుడిచేశాడు. సుద్దముక్క ఇచ్చాను, ఏం రాయాలో చూపించమన్నాను. తీసుకోలేదు. నేనే రాయబోతే నా చేతిని పలక మీంచి పక్కకు తీసి, తన చేతిలో పెట్టుకున్నాడు. కాసేపయ్యాక ఆ చేతిని వదిలి, వేలు ఆపరేషన్ మీద పెట్టాడు.

లోపల ఖాళీగా వదిలేశారని ఎంతమందిని నిలబెట్టి చదివించాడో. ఎన్ని ప్రోగ్రాంలు వెనక్కి పంపాడో. ఆయన జీవితంలో ఒక వరుస ఖాళీగా వదిలి లోపలికి వెళ్లడం నేను చూడలేదు. నా కోసం వదిలాడు.

ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. సబ్బు వంక కూడా లేదిప్పుడు. వదిన మందులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

జూన్ 26

తీసుకెళ్లారు. పొద్దున ఆయన గడ్డం నేనే గీశాను. తల గీసింది వాళ్లు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. వదినకు పలక సంగతి చెప్పాను. గుర్తుపట్టకపోతే ఏం చేస్తావని అడిగింది. ఇంటికి తీసుకెళ్తానన్నాను. ఎన్నాళ్లని అడిగింది, తెలియదన్నాను. ఒక్కదానివల్ల కాదు, చూసినదాన్ని చెబుతున్నాను, నేనూ ఉంటాను అంది. వద్దు వదినా, నువ్వు ఒకసారి చేశావు చాలు అన్నాను. ఇలాంటివి ముందే తేల్చుకునేవి కావులే అని ఆవిడ కళ్లు మూసుకుంది.

పెద్ద డాక్టరు వచ్చాడు. బుడగ మూసేశారట. ఇంక అది పగలదు. మెలకువ వచ్చేదాకా మిగతాది తనకూ తెలియదన్నాడు.

మళ్లీ కూర్చున్నాం.

ఇప్పుడే నర్సు తలుపు తీసి, కళ్లు తెరిచారు, ఎవరో ఒకరు రండి అంది. వదిన లేవలేదు. నువ్వెళ్లు అని నా చేతిలోంచి సంచీ తీసుకుంది.

వెళ్తున్నాను.